ఇరవై ఏడో కార్డు

"ఇందులో మంచి గుర్తు ఏదో నువ్వే చెప్పు," అంది కోడలు, కార్డుని బల్ల మీద పెట్టి.

ఆమె భర్త డెమో ఆ కార్డు వంక చూడలేదు. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. ఒక గ్లాసు అతనిది. రెండోది ఆమెది. పదకొండేళ్ళ కాపురంలో పొద్దున్నే ఆమె చేతికి టీ అందించడం అతను మూడు వారాల కిందటే మొదలుపెట్టాడు. మూడు వారాలుగా ఆమె మురిసిపోయింది. ఇవాళ మురుగులో కాలు పెట్టినట్టుంది.

అతని అసలు పేరు శుభలేఖ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఎవరు ఎదురుపడినా "ఒక్క డెమో చూడండి" అంటాడు గనక ఊరంతా డెమో అంటుంది. అతను అసలేం చేస్తుంటాడని ఇంట్లోవాళ్ళని అడిగితే ఏమో అంటారు. నడిపేది చిన్న కంపెనీ. చిన్న క్లినిక్కులు రోగుల వివరాలు రాసుకునేందుకు ఓ సాఫ్ట్‌వేర్. ఆ ఇంట్లో ముందు గదిలో కోడలు కీళ్ళు సవరిస్తుంది, వెనక గదిలో కొడుకు కీలు నొక్కుతాడు. ఆమె కీళ్ళే ఇల్లు గడుపుతున్నాయి. అతని కీలకి ఇంకా తలుపు తెరుచుకోలేదు.

"చదవమంటావా?" అంది కోడలు.

"వద్దు."

వద్దన్నాడు గనక చదివింది.

"సంఖ్య ఇరవై ఏడు. వృత్తి: కీళ్ళు, కండరాల చికిత్స. భయం: రోగులు చెప్పుకున్న మాటలు బయటికి పోతాయని. ఎత్తకూడని మాట: సాఫ్ట్‌వేర్." ఊపిరి పీల్చుకుంది. "జరిగింది: సోమవారం పెన్సిళ్ళు చెక్కి ఇచ్చాను, నవ్వింది. శుక్రవారం పూలు తెచ్చాను, అనుమానంగా చూసింది. బుధవారం భుజం నొప్పి గురించి అడిగి కాసేపు పట్టాను. కళ్ళలో నీళ్ళు. మంచి గుర్తు."

కిటికీ దగ్గర గ్లాసులో ఆ శుక్రవారం పూలు ఇంకా ఉన్నాయి. పూలు వాడాయి. ఆమె మాత్రం అతని సాఫ్ట్‌వేర్ వాడలేదు.

"నా కళ్ళలో నీళ్ళు నీకు మంచి గుర్తా?"

"అది పని కార్డు," అన్నాడు డెమో మెల్లగా. "తటపటాయించే ప్రతి కస్టమర్‌కీ ఒకటి రాస్తాం. నీకు తెలుసుగా."

"తెలుసు. వాళ్ళని కష్టమర్లంటావనీ తెలుసు. నేను ఎప్పుడు కష్టమర్‌ని అయ్యానో చెప్పు."

"అలా కాదు."

"ఎలా కాదు?"

టీ మీద మీగడ తొరక కట్టింది. ఇద్దరూ దాన్నే చూశారు. మాట్లాడటానికి ఏమీ దొరకనప్పుడు మీగడ కూడా చూడదగ్గదే.

"ఒక్కటే అడుగుతాను," అంది. "పూలు పోనీ, పెన్సిళ్ళు పోనీ. ఆ బుధవారం. ఊళ్ళో వాళ్ళ భుజాలన్నీ నేను పడతాను. నా భుజం ఎలా ఉందని అడిగినవాడు లేడు. నువ్వు అడిగావు. నాకు నొప్పిగా ఉందని అడిగావా, కార్డులో గడి ఖాళీగా ఉందని అడిగావా?"

"నొప్పిగా ఉందనే."

చటుక్కున అన్నాడు. రెండు గ్లాసులూ కొంచెం వణికాయి. అంతే. ఆమె నమ్మాలనుకుంది. కానీ ఫోన్లో కష్టమర్లతో మాట్లాడేటప్పుడు కూడా అతను ఇంత చటుక్కునే అంటాడని గుర్తొచ్చి, తెరుచుకోబోయిన తలుపు మళ్ళీ మూసుకుంది.

"ఎవరు తీశారు నా సొరుగులోంచి?"

అత్తగారు. కళ్ళజోడు నుదుటి మీద, కోపం ముక్కు మీద. ముప్పై రెండేళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేసి, రిటైరైన రోజున పాత కార్డుల సొరుగు ఒకటి కానుకగా అడిగి తెచ్చుకున్న మనిషి. కొడుకు కంపెనీకి కష్టమర్ల జాబితా తయారుచేసింది ఆవిడే. అతను బయట తిరిగొచ్చి చిత్తు కాగితం మీద గిలికి పడేస్తే, ఆవిడ గుండ్రటి దస్తూరీతో కార్డు మీద సాపు రాసి, నంబరు వేసి, వరసలో గుచ్చుతుంది. అతను అన్నీ క్లౌడ్ అనే మబ్బులో దాస్తానంటాడు, ఆవిడ డబ్బాలో దాస్తుంది. ఇప్పటిదాకా పోయినవన్నీ మబ్బులోంచే పోయాయి.

"కార్డు తీస్తే దాని చోట చీటీ పెట్టాలని చెప్పానా లేదా?" అంది అత్తగారు. "ఎవరు తీశారు, ఏ రోజు తీశారు, సంతకం."

"నేను తీశాను, ఇవాళ తీశాను," అంది కోడలు. "దస్తూరీ మీది. ఇది నేనేనని తెలిసే రాశారా అత్తయ్యా?"

"తెలిసే రాశాను."

"రాసి ఊరుకున్నారా?"

"నా దగ్గరికి వచ్చిన దేన్నీ నేను చింపలేదమ్మాయ్. వారం వారం వచ్చే సీరియళ్ళని కూడా బైండు చేయించి నంబరు వేశాను. అంతకన్నా పనికిమాలినవా ఇవి?"

"నన్ను ఏ వరసలో పెట్టారు?"

"తటపటాయించేవాళ్ళలో. అబద్ధమా?"

అబద్ధం కాదు. అక్కడే ఉంది మంట. కోడలి నోటు పుస్తకాల్లో మోకాళ్ళు మాత్రమే లేవు. ఒకావిడ మోకాలు ఎందుకు వాచిందో రాయాలంటే, ఆ ఇంట్లో మెట్లు ఎవరు ఎక్కరో, నీళ్ళు ఎవరు మోస్తారో కూడా రాయాలి. అవి మొగుడి మబ్బులోకి ఎక్కించడం ఆమెకి ఇష్టం లేదు. రెండేళ్ళ కిందట ఒకసారి వద్దంది. అతను సరేనన్నాడు. ఆ సరే అంత సులువుగా ఎందుకు వచ్చిందా అని అప్పుడే అనుమానించాల్సింది.

"కింద ఎర్ర సిరాతో 'చూ. 14' అని ఉంది. ఏంటది?"

"చూడుము పద్నాలుగు," అంది అత్తగారు. "ఒక కార్డుకీ ఇంకో దానికీ సంబంధం ఉంటే అలా రాస్తాం."

డెమో గ్లాసులు రెండూ బల్ల మీద పెట్టేశాడు. "అది పాత నంబరు. ఇప్పుడేం లేదు దాన్లో," అంటూ కుడి చెవి తమ్మె నలుపుకున్నాడు.

అబద్ధాలాడే మనిషి తన చిత్తు కాగితాలు లైబ్రేరియన్ చేత సాపు రాయించుకోకూడదు. దొంగ తన కాలిగుర్తులకి తనే నంబర్లు వేయించుకున్నట్టుంటుంది.

కోడలు మధ్య గదిలోకి వెళ్ళి సొరుగు బర్రున లాగింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. సొరుగులో అన్నిటికన్నా చివరి కార్డు వెనక ఒక గులాబి రంగు చీటీ కూడా కనిపించింది. "బయటికి వెళ్ళింది, మంగళవారం", కింద అత్తగారి పొట్టి సంతకం.

"ఇదేంటి అత్తయ్యా?"

"చీటీ. నేను తీస్తే పెడతాను."

"ఏ కార్డు తీశారు?"

"దాని పని అయ్యాక తెలుస్తుంది."

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. ఆ మొహం మూసిన పుస్తకం, అట్ట మీద పేరు కూడా లేదు. తల్లీకొడుకులు ఇద్దరూ కలిసే ఆడుతున్నారా అనిపించింది. ముందు పద్నాలుగు తీసింది.

సంఖ్య పద్నాలుగు పళ్ళ డాక్టరమ్మ. వీధి చివర మేడ మీద క్లినిక్. ఇరవై ఆరేళ్ళుగా కాగితాల మీదే నడుపుతోంది. ఊళ్ళో చిన్న క్లినిక్కుల వాళ్ళందరూ ఏది కొనాలన్నా ఆవిడ నోటి వంకే చూస్తారు. "ఈవిడ ఊ అంటే వెనక ఇరవై క్లినిక్కులు. భయం: ముందు దిగినవాళ్ళే మునుగుతారని. జరిగింది: మీ ఆవిడ వాడుతోందా అని అడిగింది. ఏడాదిగా వాడుతోందని చెప్పాను. నమ్మింది. తరువాతి అడుగు: మీ ఆవిడ దగ్గరికొచ్చి చూస్తానంది. మూడు వారాల తర్వాత ఆదివారం, పదకొండు గంటలకు."

ఇవాళే ఆ ఆదివారం. గోడ గడియారం పది దాటి ఇరవై నిమిషాలు చూపిస్తోంది.

కార్డు మీద తేదీ చూసింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆ మర్నాడే ఆమెకి మొదటి టీ వచ్చింది.

"అంటే మూడు వారాల్లో నన్ను మెత్తబరచాలి," అంది, వెనక నిలబడ్డవాడి వంక తిరక్కుండానే. "సాఫ్ట్‌వేర్ వేరు, సాఫ్ట్‌గా ఉండటం వేరు అనుకున్నా. నీకు రెండూ ఒకటేనన్నమాట."

"నీకు చెబుదామనే అనుకున్నా. రోజూ అనుకున్నా."

"రోజూ టీ తెచ్చావు. ఆ చేత్తోనే చెప్పొచ్చుగా."

అతను గోడకి ఆనుకున్నాడు. "పద్నాలుగు నెలలుగా గుమ్మం గుమ్మం ఎక్కుతున్నాను. ఫోన్ చేస్తే పెట్టేస్తారు. మెయిల్ రాస్తే చూడరు. మనిషిగా వెళ్ళి, బెంచీ మీద రోగుల మధ్య కూర్చుని, వాళ్ళ ఫ్యాన్ బాగుచేసి, వాళ్ళ పిల్లల చదువులడిగి, అప్పుడు గానీ ఒక్క మాట విననివ్వరు. అన్నీ విన్నాక అందరూ ఒకటే అడుగుతారు. మీ ఆవిడ వాడుతోందా అని. పదమూడు మందికి నిజమే చెప్పాను. పదమూడు మందీ తలుపేశారు."

"పద్నాలుగో ఆవిడకి?"

అతను తెరిచి ఉన్న సొరుగుని లోపలికి తోశాడు.

"అంటే నా వల్ల."

"నేనలా అన్లేదు."

"అనలేదు. కార్డు మీద రాయించావు."

"ఈ ఒక్క గంట," అన్నాడు డెమో. "ఆవిడ కాదంటే వెనక గది మూసేయాలి. నన్ను నమ్మి ఇద్దరు పనిచేస్తున్నారు. రేపు పొద్దున వాళ్ళకేం చెప్పను?"

"నిజం చెప్పు. కొత్తగా ఉంటుంది."

బయట గేటు కిర్రుమంది. కష్టమర్లు ఆలస్యంగా వస్తారని పేరు. ఈ కష్టమర్ అరగంట ముందే వచ్చింది.

*

పళ్ళ డాక్టరమ్మ పొట్టిగా, పొందికగా ఉంటుంది. ఎదుటివాళ్ళు నోరు తెరిస్తే చాలు, లోపల ఎన్ని పుచ్చాయో లెక్కపెడుతున్నట్టు చూస్తుంది. క్లినిక్ గదిలో చికిత్స బల్ల, గోడకి వేలాడే సాగే పట్టీలు, అలమరలో వరసగా నోటు పుస్తకాలు, అన్నీ ఓసారి చూసి, రోగుల కుర్చీలోనే కూర్చుంది.

కంప్యూటర్ లేదు. అదీ చూసింది.

కోడలు తెల్లకోటు వేసుకుంది. కోటు జేబులో రెండు కార్డులు. డెమో తలుపు పక్కన నిలబడ్డాడు. అత్తగారు పిలవకుండానే వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"మీ గురించి మీ ఆయన చాలా చెప్పారమ్మా," అంది పళ్ళ డాక్టరమ్మ.

"ఏం చెప్పారండీ?"

"మొదట్లో మీరూ నాలాగే భయపడ్డారట. నెల రోజులు పుస్తకంలోనూ రాసి, దాన్లోనూ రాసేవారట. ఒకరోజు మీరు రాసిందంతా ఎగిరిపోతే ఏడ్చారట. రాత్రంతా కూర్చుని ఆయన వెతికి తీశారట. అప్పట్నుంచీ పుస్తకం ముట్టుకోలేదట. మా ఆయన చేతిలో పెడితే నా ప్రాణం కూడా పోదు అన్నారట."

"అంత మాట అంటుందా అండీ మా ఆవిడ," అని నవ్వబోయాడు డెమో. చెయ్యి చెవి దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

కోడలు వింటూ ఉండిపోయింది. డాక్టరమ్మ చెబుతున్న ఆ భార్య ఎంత బాగుంది. భయపడింది, ఏడ్చింది, నమ్మింది. ఆమె ఏడుపు ఎవరికీ మంచి గుర్తు కాలేదు. ఆమె కోసం మొగుడు రాత్రంతా మేలుకున్నాడు. ఆ లేని ఆవిడ మీద ఉన్న ఆవిడకి అసూయ పుట్టింది. సవతి పోరు చాలామందికి ఉంటుంది. తన పేరే పెట్టుకున్న సవతితో పోరు ఎవరికి ఉంటుంది?

"ఎన్నాళ్ళుగా వాడుతున్నారమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

ఏడాది. మూడంటే మూడే అక్షరాలు. అది అంటే చాలు, వెనక గదిలో దీపం వెలుగుతుంది. ఇరవై క్లినిక్కులు వెనకే వస్తాయి. రేపు పొద్దున కూడా టీ వస్తుంది.

రేపు పొద్దున వచ్చే టీ ఎలా ఉంటుందో ఆలోచించింది కోడలు.

"వాడలేదండీ," అంది. "ఒక్కరోజు కూడా వాడలేదు."

గోడకి వేలాడే పట్టీ ఒకటి ఫ్యాన్ గాలికి ఊగి, గోడని రెండుసార్లు తట్టింది. డెమో కళ్ళు మూసుకున్నాడు.

పళ్ళ డాక్టరమ్మ తలాడించింది. "తెలుసు."

"తెలుసా?"

"గురువారమే తెలిసింది. మీరు చెబుతారా, చెప్పరా అని చూద్దామనే వచ్చాను."

సంచీ తెరిచి ఒక కార్డు తీసింది. అదే మందం, అదే పసుపు, కింద అదే చిల్లు. గుండ్రటి దస్తూరీ.

కోడలు బెంచీ వంక తిరిగింది. అత్తగారు పైకప్పు వంక చూస్తోంది.

"నాకు పోస్టులో వచ్చింది," అంది డాక్టరమ్మ. కళ్ళజోడు సర్దుకుని చదివింది. "తప్పొప్పుల పట్టిక. తప్పు: మా కోడలు ఏడాదిగా వాడుతోంది. ఒప్పు: ఒక్కరోజూ వాడలేదు."

"అమ్మా," అన్నాడు డెమో.

"తప్పు అచ్చులో పడితే పట్టిక పెట్టాలి నాన్నా," అంది అత్తగారు. "సాపు రాసింది నేను. నా దస్తూరీలో తప్పు ఉండకూడదు."

"నాతో చెప్పొచ్చుగా."

"నువ్వు నా కొడుకువి. చెబితే వింటావా? డాక్టరమ్మ గారు కస్టమరు. చెబితే వింటారు."

పళ్ళ డాక్టరమ్మ కార్డు ఇంకా దించలేదు. "నా దగ్గరికి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు చాలామంది వచ్చారమ్మా. అందరూ పళ్ళు కనబడేలా నవ్వుతారు. అబద్ధానికి సవరణ పంపించిన ఇల్లు మాత్రం ఇదొక్కటే. అందుకే ఇంకా కాదనలేదు. నేను చేరాలా వద్దా అన్నది ఇతన్ని అడగను. మిమ్మల్ని అడుగుతాను. ఈ మనిషిని నమ్మొచ్చా?"

మూడు వారాలుగా ఈ ఇంట్లో అందరూ ఆమెని ఒప్పించాలని చూశారు. ఇప్పుడు ఒప్పించే పని ఆమె నెత్తికి వచ్చింది. డెమో ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపు ఏ గడిలో రాయాలో ఆమెకి తెలియలేదు.

"నాకు తెలియదండీ," అంది. "పొద్దున్నే ఒకటడిగాను. జవాబు చెప్పాడు. నిజమో కాదో తెలియలేదు."

"అయితే ఇది మీకు పనికొస్తుంది. కింద ఇంకో వాక్యం ఉంది." డాక్టరమ్మ కార్డుని కొంచెం దూరంగా పట్టుకుని చదివింది. "గమనిక: మా అబ్బాయి అబద్ధం చెప్పేటప్పుడు కుడి చెవి తమ్మె తడుముకుంటాడు. ఐదో ఏటి నుంచీ అంతే. ఎప్పుడూ తప్పలేదు."

కోడలు గబగబా వెనక్కి నడిచింది, మనసులోనే. వంటింటి గుమ్మం. మీగడ కట్టిన టీ. నొప్పిగా ఉందనే, అన్నాడు. అప్పుడు చెయ్యి ఎక్కడుంది? చెవి దగ్గర లేదు. లేనే లేదు.

ఉండటానికి చెయ్యి ఖాళీగా ఉంటేగా. రెండు చేతుల్లోనూ రెండు గ్లాసులు.

ఆమె జేబులోంచి ఇరవై ఏడో కార్డు తీసింది. చికిత్స బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఉందని గానీ, అత్తగారు ఉందని గానీ చూడలేదు. అతని ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్ళి నిలబడింది.

"ఆ బుధవారం," అంది. "నాకు నొప్పిగా ఉందని అడిగావా, గడి ఖాళీగా ఉందని అడిగావా? మళ్ళీ చెప్పు."

డెమో ఆమె కళ్ళలోకి చూశాడు. తర్వాత తల్లి వంక చూశాడు, డాక్టరమ్మ చేతిలో కార్డు వంక చూశాడు. పెదాలు కదిలాయి.

జవాబు చెప్పబోయే ముందు, మెల్లగా, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.